స్టాక్ స్విఫ్ట్‌కి నైట్రస్సా, సూపర్‌ఛార్జరా? ముందు వేడి లెక్క చూద్దాం

తమ్ముడూ, నీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, పొరపాటుంటే సరిదిద్దు. 2016 స్విఫ్ట్ పెట్రోలు, 68 వేల కిలోమీటర్లు తిరిగింది, ఇంజిన్ ఎప్పుడూ విప్పలేదు. ఆమదాలవలస నుంచి వారానికి రెండుసార్లు విశాఖ వెళ్తావు, నెలకోసారి సాలూరు ఘాటు మీదుగా కోరాపుట్. నలుగురు కూర్చుని ఏసీ వేస్తే ఘాట్లో బండి ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. ఎప్పుడైనా ఒక డ్రాగ్ రేసులో (తిన్నటి దారిలో తక్కువ దూరపు పందెం) దిగాలని కూడా కోరిక. చేతిలో లక్షన్నర ఉంది. ఒకాయన నైట్రస్ కిట్ బిగిస్తానన్నాడు, గ్యాసు ఆసుపత్రి సిలిండర్ నుంచి నింపి ఇస్తానన్నాడు. ఇంకొకాయన జపాన్ నుంచి వచ్చిన పాత సూపర్‌ఛార్జర్ ఉంది, బ్రాకెట్ చేయించి పెట్టేద్దాం అన్నాడు. ఇంజిన్ లోపల ఏమీ మార్చకుండా రెండిట్లో ఏది మేలని అడిగావు.

నేను సాలూరు లారీ షెడ్డులో పని నేర్చుకుని, తర్వాత విజయనగరంలో సొంత షెడ్డు పెట్టుకున్నాను. పెట్రోలు ఇంజిన్లు విప్పడం మొదలెట్టి పాతికేళ్లు దాటింది. అన్నిటికంటే ముందు ఒకటి చెప్పాలి. ఆసుపత్రి సిలిండర్ మాట ఎత్తిన మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లకు. ఆ గ్యాసు ఆపరేషన్ బల్ల మీద ఉన్న రోగి కోసం నింపింది. ఎక్కువ పీడనం ఉన్న సిలిండర్లోంచి మరో సిలిండర్లోకి గ్యాసు మార్చడానికి లైసెన్సు కావాలి. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు ఉన్నది అందుకే. తూకం వేయకుండా అంచనాగా నింపిన నైట్రస్ సిలిండర్ మన ఎండలో ఏమవుతుందో కింద రాస్తాను, అది చదివాక నీకే అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇంజిన్‌కి బలం పెరగాలంటే సిలిండర్లోకి ఎక్కువ ఆక్సిజన్ వెళ్లాలి, దానికి సరిపడా ఎక్కువ పెట్రోలు పడాలి. మన ఊళ్లలో కమ్మరి కొలిమి చూసి ఉంటావు. తిత్తి ఊదితే బొగ్గు భగ్గుమంటుంది. సూపర్‌ఛార్జర్ ఆ తిత్తి లాంటిది. ఇంజిన్ ముందున్న పుల్లీ నుంచి బెల్టు వేసి తిప్పితే మామూలు గాలినే ఒత్తి లోపలికి నెడుతుంది. నైట్రస్ ఆక్సైడ్ పని వేరు. మామూలు గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతం, నైట్రస్‌లో 36 శాతం. సిలిండర్ లోపల సుమారు 300 డిగ్రీలు దాటితే అది విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. పైగా సీసాలో ద్రవంగా ఉండి బయటికి రాగానే ఆవిరవుతుంది కాబట్టి లోపలికెళ్లే గాలిని చల్లబరుస్తుంది. నైట్రస్ తనంతట తాను మండదు, మంటని పెంచుతుంది. రెండిట్లోనూ చివరికి జరిగేది ఒక్కటే: అదే పిస్టన్ మీద, అవే రింగుల మీద, అదే హెడ్ గ్యాస్కెట్ మీద ముందుకంటే ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి. తేడా అంతా ఆ వేడి ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, దాన్ని ఎవరు అదుపు చేస్తారు అన్న దాంట్లో ఉంది.

నైట్రస్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే నీ మనసు అటే ఉందని ప్రశ్నలోనే కనపడుతోంది. చవక, బిగించడం తేలిక, మీట నొక్కేదాకా బండి మామూలుగానే ఉంటుంది. ఇవన్నీ నిజమే. కానీ కిట్ అమ్మేవాడు చెప్పని లెక్క ఒకటుంది. నైట్రస్ జెట్ (గ్యాసు చిమ్మే సన్న రంధ్రం) నుంచి సెకనుకి వచ్చే గ్యాసు దాదాపు స్థిరంగా ఉంటుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నా, వేగంగా తిరుగుతున్నా అంతే వస్తుంది. అంటే 35 హెచ్‌పీ షాట్ (అంత అదనపు బలం ఇచ్చే జెట్) పెడితే 5000 ఆర్‌పీఎం దగ్గర అది అదనంగా ఇచ్చే టార్క్ (తిప్పే బలం) 50 న్యూటన్ మీటర్లు. అదే మీట 2000 ఆర్‌పీఎం దగ్గర నొక్కితే 125 న్యూటన్ మీటర్లు. నీ ఇంజిన్ మొత్తం టార్కే 115 దరిదాపుల్లో, అదీ 4000 దగ్గర. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక్కో పేలుడుకి ఎక్కువ గ్యాసు దొరుకుతుంది, పిస్టన్ మీద దెబ్బ రెట్టింపు దాటిపోతుంది. ఇప్పుడు ఘాట్ గుర్తు తెచ్చుకో. మూడో గేరులో బరువు మీద ఈడుస్తూ 2000 దగ్గర ఉన్న ఇంజిన్‌కి సాయం కావాలనిపించే క్షణమే నైట్రస్ నొక్కకూడని క్షణం. అందుకే సరైన కిట్‌లో 3000 దాటాకే, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే గ్యాసు వదిలే స్విచ్చులు ఉంటాయి. చవక కిట్లలో ముందు ఎగిరిపోయేవి ఆ స్విచ్చులే.

కొన్నేళ్ల క్రితం నెల్లిమర్ల వైపు నుంచి ఒక హ్యాచ్‌బ్యాక్‌ని తాడు కట్టి నా షెడ్డుకి లాక్కొచ్చారు. వేరే ఊళ్లో డ్రై కిట్ బిగించారు, అంటే నైట్రస్ ఒక్కటే పోస్తుంది, అదనపు పెట్రోలు బండి ఇంజెక్టర్లే ఇచ్చుకోవాలి. ఆ ఇంజెక్టర్లకి అంత ఇచ్చే శక్తి లేదు, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అదే ఈసీయూ, దానికి ఎవరూ చెప్పనూ లేదు. హెడ్ దించి చూస్తే మూడో పిస్టన్‌లో రెండు రింగుల మధ్య ఉండే అంచు విరిగి ముక్క ఊడింది, సిలిండర్ గోడ మీద నిలువునా గీతలు. స్పార్క్ ప్లగ్ కొస కరిగి గుండ్రంగా అయిపోయింది. ఆ కుర్రాడు మొత్తం మీద నాలుగైదు సార్లు నొక్కానన్నాడు. అప్పటికి వాళ్ల నాన్న బండి అప్పు ఇంకా తీరలేదు. ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి ఏమీ మాట్లాడకుండా ఆ పిస్టన్ వైపే చూస్తుండిపోయాడు. ఇంత పొడుగ్గా రాయడానికి ఆయనే కారణం.

పెట్రోలు కూడా కలిపి పోసే వెట్ కిట్ అయితే ఆ గొడవ ఉండదా? చాలావరకు తగ్గుతుంది. కానీ నీ ఇంజిన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) ప్లాస్టిక్‌ది, గాలి మోయడానికి చేసింది. దాంట్లో పెట్రోలు పోస్తే వంపుల్లో నిలుస్తుంది, మంట వెనక్కి తన్ని ఒక్క బ్యాక్‌ఫైర్ వచ్చిందా మానిఫోల్డ్ పగులుతుంది. పైగా జెట్ల పట్టిక విదేశాల్లో వాళ్ల పెట్రోలుకి రాసింది. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపింది. మామూలు పెట్రోలు ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి చాలైతే, ఈ మిశ్రమానికి దాదాపు 13.5. అంటే అంతే గాలికి సుమారు 8, 9 శాతం ఎక్కువ పెట్రోలు పడాలి. పట్టిక చూసి జెట్ బిగిస్తే మొదటి రోజు నుంచే ఇంజిన్ ఆకలితో నడుస్తుంది, పెట్రోలు తక్కువైన మంటకే వేడి ఎక్కువ.

ఇక ఎండ సంగతి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. నైట్రస్ 36.4 డిగ్రీల వరకే ద్రవంగా ఉండగలదు. అది దాటితే ఎంత పీడనం పెట్టినా ద్రవంగా నిలవదు. సీసాలో పీడనం 15 డిగ్రీల దగ్గర సుమారు 650 పీఎస్ఐ (పీడనం కొలత), 30 డిగ్రీల దగ్గర సుమారు 900, 36 దాటే సరికి 1050. కిట్‌లన్నీ 900, 950 మధ్య ఉంటుందని లెక్కేసి చేసినవి. చలి దేశాల్లో సీసాకి హీటర్ చుట్టుకుంటారు. మనకి వైశాఖంలో రోడ్డు పక్కన తలుపులేసి పెట్టిన కారు డిక్కీ ఎంత కాలుతుందో నీకు తెలుసు. 36 అక్కడ పొద్దున్న తొమ్మిదికే దాటిపోతుంది. పీడనం పెరిగితే జెట్ నుంచి నైట్రస్ ఎక్కువ వస్తుంది, పెట్రోలు పీడనం మాత్రం అంతే ఉంటుంది. అంటే పుష్య మాసం తెల్లవారుజామున సరిగ్గా కుదిరిన కిట్, మే నెల మధ్యాహ్నం ఇంజిన్‌ని కాల్చేస్తుంది. కిట్ మారలేదు, ఊరి వాతావరణం మారింది. తూకానికి మించి నింపిన సీసా అయితే వేడికి పీడనం ఇంకా వేగంగా ఎక్కుతుంది, చివరికి రక్షణ డిస్క్ పగిలి గ్యాసంతా ఒక్కసారి బయటికొస్తుంది. నీది స్విఫ్ట్. సెడాన్ లాగా విడి డిక్కీ లేదు, వెనక సీటు వెనకాల ఉన్నదంతా లోపలి గదే. డిస్క్ నుంచి బయటికి గొట్టం పెట్టకపోతే ఆ గ్యాసు కూర్చున్నవాళ్ల మధ్యలోకే వస్తుంది. అద్దాలు మూసి ఏసీలో కూర్చున్నవాళ్లకి ఊపిరికి ఆక్సిజన్ చాలదు, దగ్గరున్న చర్మం చలికి కాలిపోతుంది. ఇంటివాళ్లని ఎక్కించుకుని కోరాపుట్ వెళ్లే బండిలో ఆ సీసా ఉండటానికి నేను ఒప్పుకోను.

మళ్లీ నింపించడం మాట కూడా ఉంది. నాలుగున్నర కిలోల సీసా 35 హెచ్‌పీ షాట్‌కి మొత్తం నాలుగైదు నిమిషాలు వస్తుంది. అంతే. ఆ తర్వాత శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ బండి కోసం న్యాయంగా నింపించుకునే దుకాణం నేను ఇంతవరకు చూడలేదు. అందుకే మాట ఆసుపత్రి సిలిండర్ దగ్గరికి వస్తుంది.

సూపర్‌ఛార్జర్ దగ్గరికి వద్దాం. నీకు చూపించిన పాత జపాన్ ముక్క చాలావరకు రూట్స్ రకం అయి ఉంటుంది, రెండు రోటర్లు ఒకదానికొకటి ఎదురు తిరుగుతూ గాలిని తోస్తాయి. అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్న పద్ధతే ఇంకా నడుస్తోంది. అది ఎలా పని చేస్తుందో చూడాలంటే భోగాపురం, పూసపాటిరేగ తీరంలో రొయ్యల హేచరీకి వెళ్లు. ట్యాంకుల్లోకి గాలి పంపే బ్లోయర్లలో అదే రకం చూస్తావు. నేను కొన్నాళ్లు ఆ బ్లోయర్లకి బేరింగులు మార్చే పని చేశాను. మొదటిరోజు మేస్త్రి "గొట్టం మీద చెయ్యెట్టి చూడు, ఏటుందో" అన్నాడు. పెట్టగానే లాగేసుకున్నాను, అంత కాలింది. లోపలికి వెళ్లేది సముద్రపు చల్లగాలి, బయటికొచ్చేది కాలే గాలి. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది, రూట్స్ పద్ధతిలో ఇంకా ఎక్కువ.

లెక్క వేసి చూపిస్తాను. బానెట్ కింద గాలి 40 డిగ్రీలు అనుకో. 6 పీఎస్ఐ బూస్ట్ (బయటి గాలికి మించిన ఒత్తిడి) పెడితే, ఏ నష్టమూ లేని యంత్రం అయితే ఆ గాలి 72 డిగ్రీలకి వస్తుంది. అరవై శాతం సామర్థ్యం ఉన్న రూట్స్ బ్లోయర్ అయితే 90 దాటుతుంది. దాన్ని అలాగే నీ ఇంజిన్‌లో పోస్తే? నీ కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి ఒత్తుతుందన్న లెక్క, 11 దరిదాపుల్లో ఉంది. కంపెనీ అంత పెట్టింది మైలేజీ కోసం, మామూలు గాలి వస్తుందని నమ్మి. పాత మినీ కూపర్ ఎస్ చూడు, 1.6 లీటర్ల ఇంజిన్‌కి ఫ్యాక్టరీలోనే ఈటన్ సూపర్‌ఛార్జర్ పెట్టారు. దానికి కంప్రెషన్ 8.3కి తగ్గించారు, పైన ఇంటర్‌కూలర్ (ఒత్తిన గాలిని చల్లబరిచే జాలీ) కూర్చోబెట్టారు. అన్ని వసతులున్న కంపెనీ అంత వెనక్కి తగ్గింది. మనం 11 మీద, ఇంటర్‌కూలర్ లేకుండా, బంకులో దొరికే మామూలు పెట్రోలుతో నడిపితే నాకింగ్ (పెట్రోలు మిశ్రమం వేడికి తనంతట తాను పేలడం) తప్పదు. ఇథనాల్ ఆక్టేన్‌కి, అంటే నాకింగ్‌ని తట్టుకునే గుణానికి, కొంత మేలు చేస్తుంది, వేడి కూడా లాగుతుంది, కానీ 90 డిగ్రీల గాలిని సరిచేసేంత కాదు.

అయినా నన్ను బలవంతంగా ఒకటి ఎంచుకోమంటే, రోజూ రోడ్డు మీద తిరిగే బండికి సూపర్‌ఛార్జర్ వైపే ఉంటాను. ఎందుకంటే దాని బలం ఇంజిన్ వేగంతో పాటు మెల్లగా పెరుగుతుంది, ఒక్కసారిగా మీద పడదు. ఘాట్ మీద గాలి పలచబడినప్పుడు కూడా సాయం చేస్తుంది. కోరాపుట్ ఎత్తు దాదాపు 900 మీటర్లు, అక్కడ గాలి 8 శాతం దాకా పలచగా ఉంటుంది, ఆ మేరకు మామూలు ఇంజిన్ నీరసిస్తుంది. సీసా నింపించే పని లేదు. అయితే నా షరతులు వినాలి. బూస్ట్ 4, 5 పీఎస్ఐకి మించకూడదు. ఇంటర్‌కూలర్ తప్పదు. నీ బండిలో గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్ బయటి గాలి పీడనం దాకానే చదవగలదు, ఆ పైన దానికి గుడ్డితనమే. కాబట్టి పెద్ద సెన్సర్, పెద్ద ఇంజెక్టర్లు, వాటిని నడిపే వేరే ఈసీయూ కావాలి. పొగలో ఆక్సిజన్ కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, బూస్ట్‌లో గాలి పెట్రోలు నిష్పత్తి 11.5, 12 మధ్య కుదిరేలా డైనో (బండి బలం కొలిచే యంత్రం) మీద ట్యూన్ చేయించాలి. ఈ పని బాగా తెలిసినవాళ్లు బెంగళూరు, కోయంబత్తూరు వైపు ఉన్నారు. బ్రాకెట్ లేత్ పని మన దగ్గర బ్రహ్మాండంగా చేస్తారు, ఆ విషయంలో మన పనివాళ్లకి నేను హామీ. కానీ బ్రాకెట్ చేయించి పెట్టేద్దాం అన్నవాడు పనిలో పదో వంతు గురించే చెప్పాడు. మిగతా తొమ్మిది వంతులకి నీ లక్షన్నర చాలదు. సగంలో డబ్బు అయిపోయినప్పుడు జనం వదిలేసేవి ఇంటర్‌కూలర్, ట్యూనింగే. ఇంజిన్‌ని కాపాడేవి కూడా ఆ రెండే.

కాగితాల సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ సర్వేయర్ బానెట్ ఎత్తి చూస్తాడు. అప్పుడు నష్టపోయేది నువ్వు ఒక్కడివే కాదు, నీ బండి తగిలినవాడి కుటుంబం కూడా.

ఇప్పుడు నా సలహా, సూటిగా. నీ రెండు కోరికలని విడదియ్యి. ఘాట్ ఎక్కడం ఒకటి, రేసు ఇంకొకటి. ఒకే సామానుతో రెండూ తీరవు.

ఘాట్ విషయంలో నాకు నీ ఇంజిన్ మీదే ముందు అనుమానం ఉంది. 68 వేలకి ఆ బండి నలుగురితో అంత ఈడవకూడదు. క్లచ్ ప్లేటు జారుతోందేమో చూడు: నాలుగో గేరులో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు ఎగిరి బండి వేగం మాత్రం పెరగకపోతే అదే. ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీ మసి, ప్లగ్గులు, ఫ్యూయల్ పంపు పీడనం, క్యాటలిటిక్ కన్వర్టర్ పూడుకుపోవడం, బ్రేకులు పట్టేసి ఉండటం, ఇవన్నీ రెండు రోజుల పని. ఇంకొకటి, తప్పుగా అనుకోకు. నీ ఇంజిన్ 83 హెచ్‌పీ ఇచ్చేది 6000 దగ్గర, టార్క్ 4000 దగ్గర. మనవాళ్లు మైలేజీ పోతుందని 2000 దగ్గరే గేరు పైకి వేసేస్తారు. ఘాట్లో సుంకి మలుపుల్లో రెండో గేరులో 4000 దగ్గర పట్టి ఒకసారి నడిపి చూడు. ఇంజిన్ అరుస్తుంది, అరవనీ. అది దానికి ఇబ్బంది కాదు, 2000 దగ్గర తొక్కి మూలిగించడమే ఇబ్బంది.

ఇదంతా చేసినా చాలకపోతే, ఆ లక్షన్నర మీద స్విఫ్ట్ అమ్మిన డబ్బు కలిపి ఫ్యాక్టరీ టర్బో పెట్రోలు బండి సెకండ్‌హ్యాండ్‌లో వెతుకు. 2017లో వచ్చిన బాలెనో ఆర్‌ఎస్ లాంటిది తీసుకుంటే ఒక లీటరు ఇంజిన్, 101 హెచ్‌పీ, 150 న్యూటన్ మీటర్లు, అదీ 1700 ఆర్‌పీఎం నుంచే. కంప్రెషన్ 10, పిస్టన్లు, ఇంటర్‌కూలర్, ఈసీయూ అన్నీ ఒకరికోసం ఒకరు పుట్టినట్టు చేసినవి. ఆర్సీలోనూ అదే ఉంటుంది.

రేసు కోరికని నేను తక్కువ చేయను, నాకూ ఆ వయసులో ఉండేది. దేశంలో మోటారు రేసులు చూసే సంఘం ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతితో మూసిన ట్రాక్ మీదో, లోనావాలా దగ్గర ఆంబీ వ్యాలీ లాంటి ఎయిర్‌స్ట్రిప్ మీదో జరిగే పోటీకే వెళ్లు. రణస్థలం దగ్గర హైవే మీద రాత్రిపూట కుర్రాళ్లు చేసే పందాలకి మాత్రం వద్దు. అక్కడ లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు దాటే పశువులు ఉంటాయి, చట్టంలో జైలు కూడా ఉంది. మొదటిసారి ఏమీ మార్చని స్టాక్ బండితోనే దిగు. మంచి టైర్లు, బ్రేకు ప్యాడ్లు వేయించుకుని, గేరు మార్చడంలో పోగొట్టుకుంటున్న సెకన్లు ముందు వెనక్కి తెచ్చుకో. ఆ తర్వాత కూడా మనసు నైట్రస్ మీదే ఉంటే, రేసుకే కేటాయించిన వేరే బండి మీద, 25 హెచ్‌పీకి మించని వెట్ కిట్, ఆర్‌పీఎం స్విచ్చు, ఒక మెట్టు చల్లటి ప్లగ్గులు, కొంచెం వెనక్కి జరిపిన ఇగ్నిషన్, సీసా మీద పీడనం గేజు, బయటికి పెట్టిన రక్షణ గొట్టం, ఇవన్నీ ఉంటే నేనే దగ్గరుండి చూస్తాను. గేజు 950 దాటి చూపిస్తే ఆ పరుగు మానేయాలి.

ముందు కంప్రెషన్ టెస్టు చేయించు. ఇంజిన్ వేడిగా ఉండాలి, నాలుగు ప్లగ్గులూ తీసేసి, ఇంజెక్టర్ల ఫ్యూజు పీకేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టమను. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. ఏ సిలిండర్ ఎంత చూపించిందో వరుసగా రాసి, ప్లగ్గుల కొసలు ఫొటో తీసి పంపు. తక్కువ వచ్చిన దాంట్లో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలిచిన అంకె కూడా రాయి. అది పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఘాట్లో బండి ఎందుకు ఈడుస్తోందో అక్కడి నుంచి మొదలుపెడదాం.